కార్బన్ బ్యాటు - ఆటగాండ్ర అభిప్రాయములు

ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గొన్న పంతులు టేబుల్ టెన్నిస్ బ్యాటును గూర్చి ప్రసంగించుటేమని మీకు తోచవచ్చును. ఆ శంక నాకును కలిగినది. కాని ఆ బ్యాటు నా పింఛను నుండి పదునాలుగు వేల రూపాయలను గొనిపోయినది. అంతకంటె విలువగలది, నా మనుమని మాట, రెండు మాసములు నాకు వినబడకుండ చేసినది. కావున దానిని గూర్చి పలుకుటకు నాకు కొంత యధికారము కలదనుకొనుచున్నాను. మీ గ్రామములలోని పిల్లలును ఈ యాట నేర్చుచున్నారు. నేడు కాకున్న రేపు మీ మనుమడో మనుమరాలో వచ్చి "తాతా, నాకు కార్బన్ బ్లేడు కావాలె" అని యడుగవచ్చును. అప్పుడు నేను చేసిన పని మీరు చేయకుందురేమో యని ఈ నాలుగు మాటలు.

నేను నివసించు మూసాపేట హైదరాబాదు నుండి బొంబాయి పోవు పెద్దబాట మీద, ఎర్రగడ్డ దాటిన పిదప, కూకట్‌పల్లికి ముందు వచ్చును. 2017వ సంవత్సరాంతమున మెట్రో రైలు మా తలల మీదుగా నడువ నారంభించినది. పడమటి దిక్కున హైటెక్ సిటీ కలదు గావున, అచట కంప్యూటరు కొలువులు చేయు పిన్నలు పెక్కుమంది మా భవనములో అద్దెకుందురు. భవనము క్రింది సెల్లారులో, కార్లు నిలుపు స్థలమున నొకమూల, ఆటబల్ల వేసియున్నారు. రాత్రి తొమ్మిది గంటలకు కొలువుల నుండి వచ్చినవారు మెడలోని గుర్తింపు కార్డులైన తీయకయే ఆట మొదలుపెట్టుదురు. మొదట ఆ టకటక నాకు నిద్రాభంగముగ నుండెడిది. ఒకనాడు మందలింపబోయి మెట్లు దిగి, చూచుచు నిలిచి, పదకొండు గంటల దాక కదలనైతిని.

చూడనివారికొరకు రెండు మాటలు చెప్పెదను. బల్ల పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు అయిదు. నడుమ కట్టిన వల ఎత్తు 15.25 సెంటీమీటర్లు, అనగా మన జానెడు కూడ లేదు. బంతి బరువు 2.7 గ్రాములు, రూపాయి నాణెము దానికంటె బరువు. అట్టి బంతి సెకనుకు పదిహేను మీటర్ల వేగముతో వచ్చినచో, మూడు మీటర్లు దాటుటకు సెకనులో అయిదవ వంతు చాలును. ఆలోచించి కొట్టుటకు వ్యవధి లేదు. చేయి ముందే నేర్చియుండవలెను. ఇది మరువకుడు; నేను మరచితిని.

ఇక బ్యాటు. చేత బట్టుకొను చెక్కకు బ్లేడని పేరు. దానికి ఇరుప్రక్కల రబ్బరును అంటింతురు. ఆ చెక్క ఒక్క కర్ర కాదు. అయిదో ఏడో పలుచని పొరలను జిగురుతో నొకదానిపై నొకటి అతికింతురు. నిర్మల్ బొమ్మలకును కొండపల్లి బొమ్మలకును మనవారు పొనికి కర్ర వాడుదురు గదా; అట్టి తేలికదనము గల, జపానువారు కిరి యని పిలుచు కర్రను తరచుగ నడిమి పొరకు వాడుదురు. పైపొరకు ఆఫ్రికా నుండి వచ్చు కోటో, లింబా, లేక జపాను హినోకీ. కర్ర సంగతి మీకు నేను చెప్పబనిలేదు. తుమ్మకును టేకునకును పొనికికిని మ్రోతలో భేదము వేలితో తట్టి చెప్పగలవారు మీలో నెందరో కలరు.

ఈ పొరల నడుమ కార్బన్ నారను చేర్చినదే కార్బన్ బ్లేడు. కార్బన్ అనగా బొగ్గే. ఒక విధమగు కృత్రిమ దారమును గాలి సోకకుండ మహోష్ణమున కాల్చినచో, తక్కినవి పోయి బొగ్గు మాత్రము దారముగనే నిలుచును. మన యూళ్లలో బొగ్గుల బట్టీపై మట్టి కప్పి గాలిని బంధించుట ఇట్టిదే. ఆ నార వెండ్రుకలో పదియవ వంతు సన్నము; బరువునకు తగిన బిగువు చూచినచో ఉక్కును మించును.

అది చేయు పని యేమనగా, బంతి తగిలినపుడు చెక్క కొంచెము వంగి మరల లేచును. బంతి బ్యాటునంటియుండు కాలము సెకనులో వేయవ వంతు గావున ఆ వంపు కంటికి కనబడదు. కార్బన్ పొర ఆ వంపును తగ్గించును. వంగని చెక్క వచ్చిన వేగమును తాను మ్రింగదు, తిరుగగొట్టును. అదిగాక, బంతి నడిమి భాగమున గాక అంచునకు దగ్గరగ తగిలినను చావదు. ఈ రెండును గుణములే. మూడవది గుణమో దోషమో పట్టుకొన్న చేతిని బట్టి యుండును. చెక్క బ్యాటులో ప్రతి దెబ్బకును ఒక అదురు చేతికి వచ్చి, బంతి ఎచట తగిలినదో, ఎంతసేపు నిలిచినదో చెప్పును. కార్బన్ ఆ వార్తను కొంత అణచివేయును. నేర్చినవానికి ఆ వార్త కొంచెమైనను చాలును. నేర్చుకొనువానికి అదియే గురువు.

కార్బన్‌లోను జాతులు కలవు. కేవలము కార్బన్ నార గలవి మిక్కిలి బిగువైనవి, వేగవంతములు. జపానులోని బటర్‌ఫ్లై వారు క్రొయేషియా ఆటగాడు జోరాన్ ప్రిమోరాక్ పేరిటను, 2003లో పారిస్ నగరమున ప్రపంచవిజేతయైన ఆస్ట్రియా దేశీయుడు వెర్నర్ ష్లాగర్ పేరిటను చేసిన బ్లేడులు ఈ జాతివి. కార్బన్‌ను అరిలేట్ అను మెత్తని నారతో కలిపి నేసినవి మరియొక జాతి. విస్కారియా యనునది అట్టిది, కొంత మృదువు. ఎంత చేర్చినను హద్దు కలదు. అంతర్జాతీయ సమాఖ్య నియమము ప్రకారము బ్లేడు మందములో నూటికి 85 వంతులకు తగ్గకుండ సహజమైన కర్ర యుండవలెను. ఒక్కొక్క నార పొర మొత్తము మందములో నూటికి 7.5 వంతులను గాని, 0.35 మిల్లీమీటర్లను గాని, రెంటిలో ఏది తక్కువయో దానిని మీరరాదు. అనగా ఆరు మిల్లీమీటర్ల బ్లేడులో గోరు మందమంత పొర. అంతమాత్రమునకే ఇంత రభస!

నా మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. మాకు సమీపమున నొక గురువు వద్ద మూడేండ్లుగా అయిదు పొరల చెక్క బ్యాటుతో ఆట నేర్చుచుండెను. మన హైదరాబాదు బిడ్డ ఆకుల శ్రీజ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో శరత్ కమల్‌తో గూడి స్వర్ణపతకము గెలిచినది. 2024 పారిస్ ఒలింపిక్సులో చివరి పదునార్గురిలో నిలిచినది. ఆమె పటము వాని గోడ మీద కలదు. ఒకనాటి సాయంకాలము వాడు నోటుబుక్కుతో నా కుర్చీ యొద్దకు వచ్చెను. కేవల కార్బన్ బ్లేడును వాడినవారి అభిప్రాయములను పదకొండింటిని సేకరించి, అందులో వ్రాసికొని తెచ్చెను.

"తాతా, నువ్వు ప్రతిదానికి ప్రమాణం ఉండాలె అంటవు గద. పదకొండు మంది చెప్పింది రాసిన. చూడు."

చూచితిని. "రాకెట్ లెక్క పోతది" అని యొకరు. "బ్లాక్ పెడితే గోడే" అని మరియొకరు. "ఒక్క వారంల అలవాటైంది" అని ఇంకొకరు. తొమ్మిదిమంది మెచ్చిరి. ఇరువురు మెచ్చరైరి: "కంట్రోల్ లేదు" అని యొకరు, "పిల్లలకు ఇచ్చేది కాదు" అని యొకరు. ఈ రెండింటిని వాడు పుట చివర చీమకాళ్ల వంటి చిన్న అక్షరములతో వ్రాసియుండెను. నేను పాఠశాలలో ఎన్ని వేల వ్యాసములు దిద్దితినో! ఆ చిన్న అక్షరముల యర్థము తెలియనివాడను కాను. అయినను తెలియనట్లుంటిని.

ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములు. ఆప్తుని మాటయే శబ్దప్రమాణమని బాల్యమున వల్లించితిని. ఆప్తుడనగా ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినది చెప్పువాడు. ఆ పదకొండుమంది అబద్ధము చెప్పలేదు. కాని వారి వయస్సెంత, ఎన్నేండ్లుగా ఆడుచున్నారు, బల్లకు చేరువనుండి ఆడుదురా దూరమునుండియా యని నే నొక్క ప్రశ్నయు వేయలేదు. తొమ్మిది రెండింటికంటె పెద్దది. అంతటితో నా తర్కము ముగిసినది. ఎదుటింటి కుర్రవానికి అట్టి బ్లేడు ఉన్నదన్న మాటయు నా మనస్సున లేకపోలేదు. గురువునడుగక, వాని పుట్టినదినమునకు కొనితెచ్చితిని.

మరునాడు వాడు దానిని గురువునకు చూపెను. ఆయన గోటితో నొకసారి తట్టి, చెవి యొగ్గి, "మంచి బ్లేడు సార్" అని నాతో ననిరి. అంతకంటె నొక్క మాట లేదు. జీవితమంతయు పదములకు వ్యుత్పత్తి చెప్పినవాడను, ఆ మౌనమునకు అర్థము చెప్పుకొనలేకపోయితిని. తాత ముచ్చటపడి కొన్నదానిని పిల్లవాని యెదుట ఎట్లు కాదనుట యని ఆయన సంకోచించిరని నాకు తరువాత తెలిసెను.

మొదటి వారము మా సెల్లారు మ్రోగిపోయెను. వాడు కొట్టిన స్మాష్ కార్ల క్రింద దూరెడిది. అందరు భళీ యనెడివారు. రెండవ వారము నుండి వేరొకటి కనబడసాగెను. ఎదుటివాడు మెల్లగా వల దాపున వేసిన బంతిని వీడు తాకినచో అది లేచి బల్ల దాటిపోవును. దానికి జడిసి చేయి బిగబట్టెను. పూర్వము నడుము తిప్పి, మోచేయి సాచి, బంతిని క్రిందినుండి ఒరసి ఎత్తెడివాడు. దీనిని ఆటవారు లూప్ అందురు. ఇప్పుడు ఆ సాచుట పోయి, బంతిని అంటీ అంటనట్లు ముట్టుట మొదలయ్యెను. ఉరుకుడు ఎద్దును కట్టిన బండిపై పసివానిని కూర్చుండబెట్టినచో వాడు పగ్గము లాగిపట్టుటయే నేర్చును గాని తోలుట నేర్చునా?

మూడవ మాసమున పిల్లల పోటీ జరిగెను. వాడు మొదటి మ్యాచిలోనే, మామూలు చెక్క బ్యాటు పట్టిన వానికంటె చిన్న పిల్లవాని చేతిలో మూడు గేములును పోగొట్టుకొనెను. ఇంటికి వచ్చునపుడు మెట్రోలో వాడు మాటాడలేదు. నేనైన మిన్నకుండవలసినది. "పద్నాలుగు వేలు పోసి కొనిస్తే ఆడేది ఇట్లనా?" అంటిని. అయ్యలారా, ఆ మాట నా నోటినుండి వచ్చినది. వాడు తల యెత్తలేదు. ఆ తరువాత ఆటకు పోవుట తగ్గించెను. నాతో మాటలు అన్నము వేళ "ఊ", "ఆఁ" వరకే. వాని తల్లి నడిగితే, "మీరే అడగండి మామయ్యగారూ" అనెను. అడుగుటకు నాకు మొగము చెల్లలేదు.

అట్లుండగా ఒక పాత సంగతి నా కంటబడినది. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగినవి. ఆసియా ఖండమున అవియే మొదటివి. అంతవరకు ఆడువారిలో పెక్కుమంది బొడిపెల రబ్బరు అంటించిన చెక్కతో నాడుచుండిరి. జపాను నుండి వచ్చిన హిరోజి సాతో యను నతడు దళసరి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చెను. ఆ బ్యాటు మ్రోత చేయదు. ఎదుటివాని బ్యాటు మ్రోతను బట్టి బంతి వేగమును గుర్తింప నలవాటుపడిన మహామహులు తబ్బిబ్బైరి. హంగరీ దేశీయుడగు కోచియాన్‌ను ఫైనలులో నోడించి సాతో ప్రపంచవిజేత యయ్యెను. ఆ బిరుదును ఆయన మరల గెలువలేదు. స్పాంజి మాత్రము నిలిచినది. పెద్ద తర్జనభర్జనలైన పిదప 1959లో స్పాంజితో గూడిన రబ్బరు 4 మిల్లీమీటర్లను మించరాదని హద్దు పెట్టిరి. మన మీర్ ఖాసిం అలీ, హైదరాబాదు నుండి జాతీయ విజేతయై 1969లో అర్జున పురస్కారమందినవాడు, ఆడిన దినములును కార్బన్‌కు ముందటివే.

ఈ కథలో నాకు తట్టిన దొక్కటి. సాతో బ్యాటు సంగతి సాతో కంటె ఎదుట నిలిచినవారికే బాగుగ తెలిసినది! నేను పదకొండుమంది మాటలు చదివితిని. వారందరు బ్యాటు పట్టినవారే. ఎదుటివాని నొక్కనిని అడుగలేదు.

వచ్చిన ఆదివారము సెల్లారునకు పోయి, ఆడువారిని నలుగురిని బ్రతిమాలితిని. మనుమని కార్బన్ బ్యాటుతో ప్రతివారు పదునైదు నిమిషములు ఆడి, తోచినది చెప్పవలెనంటిని. నేను నోటుబుక్కు తెరచి కూర్చుంటిని. మనుమడు మెట్ల మీద దూరముగ కూర్చుండెను.

కర్మాగారమున పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకరు కలరు. మోకాళ్ల నొప్పివలన బల్లకు చేరువనే నిలిచి వచ్చిన బంతిని అడ్డుటయే ఆయన యాట. "పంతులుగారూ, ఇది నాకు దేవుడిచ్చింది. చెయ్యి కదపకుండానే పని అయిపోతోంది" అనిరి. హైటెక్ సిటీలో కొలువు చేయు పొడగరి యొకడు బల్లకు నాలుగడుగుల దూరమున నిలిచి బంతిని తిప్పికొట్టువాడు. "బంతి చెక్క మీద ఆగట్లేదు సార్. నేను తిప్పేలోపే వెళ్లిపోతోంది" అనెను. పదునైదేండ్లకు మరల బ్యాటు పట్టిన ఇంకొకడు, "సూపర్ సార్, ఎక్కడ తగిలినా పోతుంది" అని, ఆడిన పదింటిలో ఆరు బంతులు బల్ల బయట వేసెను. ఆ యారును లెక్కింపలేదు. విశ్వవిద్యాలయము పక్షమున ఆడిన ఆడుబిడ్డ యొకతె మాత్రము, "పదిహేను నిమిషాల్లో చెప్పలేనండి. రెండు నెలలు ఆడితే గానీ దీని సంగతి తెలియదు" అనెను. నోటుబుక్కులో ఆ యొక్క వాక్యము క్రింద గీత గీసితిని.

బ్యాటు ఒక్కటే, రబ్బరు ఒక్కటే, బల్ల ఒక్కటే, మాటలు నాలుగు. ప్రతివారును తమ చేతిని, తమ మోకాలిని, తమ వయస్సును వర్ణించుచు, బ్యాటును వర్ణించుచున్నామనుకొనిరి. మనుమని పాత నోటుబుక్కులోని తొమ్మిదిమందియు అంతియే గదా! అబద్ధములు కావవి. వానివి కావు, అంతే.

పిమ్మట మనుమని పిలిచితిని. వాడు వచ్చెను. ఒకమారు కార్బన్‌తోను, ఒకమారు అలమర నుండి తెప్పించిన పాత చెక్క బ్యాటుతోను ఆడుమని, ఎదుట ఆ యాడుబిడ్డను నిలుపమంటిని. ఆడినంతసేపు ఎవరును మాటాడలేదు. ముగిసిన పిదప ఆమెనే యడిగితిని: "అమ్మా, వీని బంతి రెండు విధముల నీకెట్లు తోచినది?"

"ఆ కార్బన్‌తో బంతి వేగంగా వస్తోందండి. కానీ తిన్నగా వస్తోంది, బ్యాట్ అడ్డం పెడితే చాలు. చెక్కతో నెమ్మదిగా వచ్చి బల్ల మీద పడి దూకుతోంది. అదే నాకు కష్టంగా ఉంది."

మనుమడు ఆమె వైపు చూచెను, తరువాత నా వైపు చూచెను. రెండు మాసముల పిదప నా మొగము చూచుట అదియే. మెట్లెక్కునపుడు వెనుకనుండి, "నాకు మొదటి నెలలనే తెల్సింది తాతా. నీ పైసలు కద, ఎట్ల చెప్పాలె అనుకున్న" అనెను. నేనేమంటినో మీకు చెప్పబనిలేదు. ముసలివారికి కన్నీరు చౌక.

మరునాడు గురువు నొద్దకు పోయి, నేను చేసిన పని నేనే చెప్పుకొంటిని. ఆయన కార్బన్‌ను నిందింపలేదు. నేటి అగ్రశ్రేణి ఆటగాండ్రలో పెక్కుమంది ఏదో యొక నార చేర్చిన బ్లేడులనే పట్టుచున్నారనియు, ఎదిగిన చేతికి అది వరమేయనియు చెప్పిరి. చేయి సాచి కొట్టుట స్థిరపడువరకు అయిదు పొరల చెక్క, ఎనుబదియైదు గ్రాముల లోపు బరువు, మిక్కిలి దళసరి కాని రబ్బరు చాలుననిరి. తరువాత నార కలిపి నేసిన మృదువైన జాతి, అటుపిమ్మట కావలసినచో ఇది. ఎన్నాళ్లకని యడిగితిని. "బంతి చెప్తది సార్" అనిరి. ఇంకొక మాటయు చెప్పిరి: క్రొత్త బ్లేడు కొన్నవారు తొలి వారములోనే అభిప్రాయము చెప్పుటకు తొందరపడుదురట, ఖర్చు పెట్టిన రూపాయి వారిచేత పలికించునట. నా పదునాలుగు వేలును మెట్రోలో అట్లే పలికినవి.

దానిని అమ్మివేయుదమా యని మనుమని యడిగితిని. వద్దనెను. మెత్తని గుడ్డలో చుట్టి అలమరలో దాచెను. ఆదివారము నాడు మాత్రము గురువు ననుమతితో పది నిమిషములు దానితో నాడును. నేను మూడవ యంతస్తులో కుర్చీలో కూర్చుండి వినుచుందును. చెక్కదైనచో మ్రోత కొంచెము బొంగురుగ, కుండ తట్టినట్లుండును. కార్బన్‌దైనచో పలుచగ, కంచు తాకినట్లుండును. గడచిన ఆదివారము కంచు మ్రోత చాలసేపు తెంపు లేక వినబడెను. గడియారము చూచితిని. పది నిమిషములు దాటి నాలుగైనది. క్రిందికి పిలువలేదు.